హెపటైటిస్ బి కి కొత్త టీకా అంట, మనలో ఎవరికి పనిచేస్తుందో మరి

ఈ మధ్య హెపటైటిస్ బి, అంటే లివర్‌ని పట్టే వైరస్ జబ్బు, ఉన్నవాళ్ళ ఫోన్లలో ఒకటే వార్త తిరుగుతోంది. జబ్బు రాకుండా వేసే టీకా కాదంట, జబ్బు ఉన్నవాళ్ళకే వేసే కొత్త టీకా అంట, ఒక కోర్సు వేయించుకుంటే ఇక జన్మలో మాత్ర మింగక్కర్లేదంట అని. మా తమ్ముడు నాకు పంపాడు, పంపి ఊరుకోకుండా వెంటనే ఫోన్ కూడా చేసి "మనక్కూడా మంచి రోజులొస్తున్నాయక్కా" అన్నాడు. వాడు అంత హుషారుగా మాట్లాడి చాలా ఏళ్ళయింది, అందుకే ఆ మెసేజ్‌ని ఉత్త పుకారులే అని కొట్టిపారేయబుద్ధి కాలేదు, అలాగని నిజమేనని నెత్తిన పెట్టుకోబుద్ధీ కాలేదు. చదవగలిగినంత చదివా, మా డాక్టర్ గారిని విసిగించి మరీ అడిగా, అదంతా ఇక్కడ రాస్తున్నా.

మా ఇంట్లో సంగతి ముందు చెప్తే మిగతాది అర్థమవుతుంది. మా అమ్మకి హెపటైటిస్ బి ఉండేది, ఆ సంగతి అమ్మకీ తెలీదు మాకూ తెలీదు. నేను కడుపుతో ఉన్నప్పుడు చేసిన టెస్టుల్లో నాకు పాజిటివ్ వస్తే, డాక్టరమ్మ గారు ఇంట్లో అందరికీ చేయించమన్నారు, చేయిస్తే అమ్మకీ తమ్ముడికీ కూడా ఉందని తేలింది. పుట్టినప్పుడు తల్లి నుంచి వచ్చే వైరస్ ఇది ఎక్కువగా. పసిబిడ్డగా ఉన్నప్పుడు ఒంట్లోకి వస్తే నూటికి 90 మందికి జీవితాంతం ఉండిపోతుంది, అదే పెద్దయ్యాక వస్తే నూటికి 95 మందికి పైగా దానంతట అదే పోతుంది. మాకు పుట్టుకతోనే వచ్చింది. మా పాపకి మాత్రం పుట్టిన రోజే ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ని అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీల) ఇంజెక్షనూ టీకా మొదటి డోసూ రెండూ వేశారు, మిగతా డోసులు కూడా తప్పకుండా వేయించాం, దానికి ఇప్పుడు నెగెటివ్. ఆ రిపోర్టు నేను దాచుకున్నంత భద్రంగా నా పెళ్ళి ఫోటోలు కూడా దాచుకోలేదు.

చుట్టాలకి ఇది అర్థం కాదు. "టీకా ఉందిగా అమ్మాయ్, నువ్వూ వేయించుకోకపోయావా" అంటారు. ఆ టీకా వైరస్ ఒంట్లోకి రాకముందు వేస్తేనే పనిచేస్తుందండీ, వచ్చి పాతుకుపోయాక ఎన్నిసార్లు వేసినా ఏమీ చేయదు. ఇప్పుడు అందరూ మాట్లాడుకుంటున్నది వేరే రకం, దాన్ని థెరప్యూటిక్ వ్యాక్సిన్ అంటున్నారు, మా ఇంట్లో మేం మందు టీకా అంటున్నాం.

మరి మాత్రలు ఉన్నాయిగా, ఇంకా ఏం కావాలి అనొచ్చు మీరు. ఉన్నాయి, దేవుడి దయవల్ల మంచి మాత్రలే ఉన్నాయి. టెనోఫోవిర్ గానీ ఎంటెకావిర్ గానీ రోజుకొకటి వేసుకుంటే వైరల్ లోడ్, అంటే రక్తంలో ఉన్న వైరస్ లెక్క, టెస్టులో కనపడనంతగా పడిపోతుంది, లివర్ గట్టిపడటం ఆగుతుంది, కొంతమందిలో వెనక్కి కూడా తగ్గుతుంది, క్యాన్సర్ భయం సగానికి సగం తగ్గుతుంది. 2018 జూలై 28న కేంద్రం మొదలుపెట్టిన వైరల్ హెపటైటిస్ ప్రోగ్రాం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ మందులు ఉచితంగా ఇస్తున్నారు కూడా. నా మాత్ర రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటా, మా అమ్మాయే గుర్తుచేస్తుంది.

కానీ మాత్ర చేసేది వైరస్ కొత్తగా పుట్టకుండా ఆపడం వరకే. లివర్ కణం లోపల, న్యూక్లియస్‌లో, సీసీసీ డీఎన్ఏ అని ఈ వైరస్ తన మూలం ఒకటి దాచిపెట్టుకుంటుంది, దాన్ని మాత్ర ముట్టుకోలేదు. పొలంలో తుంగ పీకినవాళ్ళకి ఇది ఒక్క మాటలో అర్థమవుతుంది, పైన ఎంత శుభ్రంగా చెక్కినా మట్టిలో గడ్డ ఉన్నంతకాలం వాన పడగానే మళ్ళీ లేస్తుంది. అందుకే మాత్ర మానేస్తే చాలామందికి వైరస్ తిరగబెడుతుంది. అందుకే ఏళ్ళ తరబడి మాత్ర వేసుకున్నా హెచ్‌బీఎస్ ఏజీ అనే టెస్టు, అంటే ఎస్ యాంటిజెన్ అనే వైరస్ తొడుగు ముక్క రక్తంలో ఉందా అని చూసేది, మాత్రం పాజిటివ్ గానే వస్తూంటుంది. మాత్రల మీద ఉన్నవాళ్ళలో ఆ ఎస్ యాంటిజెన్ పూర్తిగా పోయేది ఏడాదికి నూటికి ఒకరికి, చాలా లెక్కల్లో అంతకన్నా తక్కువే.

ఆ ఒక్క టెస్టు నెగెటివ్ అవ్వాలన్నదే మా ఆశంతా. డాక్టర్లు దాన్ని ఫంక్షనల్ క్యూర్ అంటారు, అంటే మందు ఆపేసి ఆరు నెలలైనా ఎస్ యాంటిజెనూ కనపడకూడదు, రక్తంలో వైరస్ డీఎన్ఏ కూడా కనపడకూడదు. కణాల్లో మూలం కాస్తో కూస్తో ఉండిపోవచ్చు, కానీ ఒళ్ళు దాన్ని తనంతట తనే అణిచిపెట్టుకుంటుంది.

డాక్టర్లకి అదొక మైలురాయి. మాకు మాత్రం అది బతుకు.

మా తమ్ముడికి ఖతార్‌లో ఏసీ టెక్నీషియన్ ఉద్యోగం వచ్చింది, వీసా వచ్చింది, చీటీ పాడి డబ్బు కూడా సర్దుకున్నాడు. గల్ఫ్ మెడికల్‌లో హెచ్‌బీఎస్ ఏజీ పాజిటివ్ అంటే అన్‌ఫిట్ అని రాసేస్తారు, వైరల్ లోడ్ ఎంత తక్కువ ఉన్నా, లివర్ ఎంత బాగున్నా చూడరు. వాడి వైరల్ లోడ్ అప్పటికే కనపడటం లేదు. ఆ కాగితం పట్టుకుని వాడు ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా మేడెక్కి పడుకున్నాడు. ఇప్పుడు అరండల్‌పేటలో సెల్ రిపేర్ షాపు నడుపుకుంటున్నాడు, బాగానే ఉన్నాడు, కానీ ఆ రోజు తర్వాత వాడిలో ఏదో తగ్గింది, అది అక్కని నాకు తెలుసు.

నాది ఇంకో రకం. నాకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయినప్పుడు ఒక ఆసుపత్రిలో నా కేస్ షీట్ మీద ఎర్ర ఇంకుతో హెచ్‌బీఎస్ ఏజీ పాజిటివ్ అని పెద్ద అక్షరాలతో రాసి మంచం తలాపున తగిలించారు, వార్డులో పలకరించడానికొచ్చిన ప్రతివాళ్ళూ చదివారు. లిస్టులో నన్ను ఆఖర్న పెట్టారు, తెల్లారి నుంచి పచ్చి మంచినీళ్ళు లేకుండా పొద్దుగూకే దాకా కూర్చున్నా. పక్క మంచం ఆవిడ వాళ్ళమ్మాయిని నా వైపు రానివ్వలేదు. ఈ జబ్బు తాకితే రాదు, ఒక కంచంలో తింటే రాదు, ముద్దు పెట్టుకుంటే రాదు, రక్తం నుంచీ శారీరక సంబంధం నుంచీ కాన్పులో తల్లి నుంచీ వస్తుంది అంతే, అదీ ఎదుటివాళ్ళు టీకా వేయించుకుని ఉంటే రాదు. ఇదంతా ఆవిడకి చెప్పే ఓపిక ఆ రోజు నాకు లేదు. హెచ్ఐవీ ఉన్నవాళ్ళని ఇలా వేరుచేసి చూడకూడదని 2017లో చట్టం వచ్చింది, వాళ్ళు పోరాడి తెచ్చుకున్నారు, హెపటైటిస్ బి వాళ్ళకి అలాంటి చట్టం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో దాదాపు 2 కోట్ల 98 లక్షల మందికి ఈ జబ్బు ఉంది, ఇంతమందిమి ఉండి కూడా ఒక్కరం కూడా గొంతెత్తి చెప్పుకోలేకపోతున్నాం.

కాబట్టి తమ్ముడు మంచి రోజులొస్తున్నాయి అన్నప్పుడు వాడి మనసులో ఉన్నది లివర్ కాదండీ, ఆ కాగితం మీద నెగెటివ్ అన్న ముక్క.

ఇక ఈ టీకా ఏం చేస్తుందంటే. మామూలుగా వైరస్ సోకిన కణాన్ని మన టీ సెల్స్, అంటే ఒంట్లో కాపలా కాసే రక్షణ కణాలు, గుర్తుపట్టి చంపేయాలి. హెపటైటిస్ బి ఏం చేస్తుందంటే, అసలు వైరస్ కన్నా వేల రెట్లు ఎక్కువగా ఉత్త తొడుగులు, అంటే లోపల ఏమీ లేని ఎస్ యాంటిజెన్ రేణువుల్ని రక్తంలోకి వదుల్తుంది, ఏళ్ళ తరబడి, పగలూ రాత్రీ. మన రక్షణ కణాలు వాటిని చూసీ చూసీ అలిసిపోయి చివరికి పట్టించుకోవడమే మానేస్తాయి. మందు టీకా వైరస్ ముక్కల్ని కొత్త దారిలో, కొత్త రూపంలో చూపించి ఆ కణాల్ని మళ్ళీ లేపాలని చూస్తుంది. చెప్పడానికి తేలిక, చేయడం ఎంత కష్టమో ఇప్పటిదాకా జరిగిన కథ చూస్తే తెలుస్తుంది.

ఈస్ట్‌తో చేసిన జీఎస్ 4774 అని ఒకటి గిలియడ్ కంపెనీ ట్రయల్ చేసింది, మాత్రల మీద ఉన్న పేషెంట్లకే ఇచ్చి చూశారు, ఎస్ యాంటిజెన్ చెప్పుకోదగ్గంత తగ్గలేదు. క్యూబా వాళ్ళు నాస్‌వ్యాక్ అని ఒకటి చేశారు, ముక్కులో కొట్టేదీ ఇంజెక్షనూ కలిపి ఇస్తారు, అందులో ఎస్ యాంటిజెన్‌తో పాటు వైరస్ లోపలి కోర్ యాంటిజెన్ కూడా ఉంటుంది. దాని పెద్ద ట్రయల్ మన పక్కన బంగ్లాదేశ్‌లోనే జరిగింది, మామున్ అల్ మహతాబ్, షేక్ మొహమ్మద్ ఫజ్లే అక్బర్ గార్లు నడిపారు, ఇంటర్‌ఫెరాన్ అనే పాత ఇంజెక్షన్ మందుతో పోల్చి చూశారు, వైరల్ లోడ్ అదుపులో పెట్టడంలో దానికి తీసిపోలేదు. క్యూబాలో దాన్ని వాడకానికి అనుమతించారు కూడా. మన ఆసియా పేషెంట్ల మీద మన పొరుగున జరిగిన ట్రయల్ కాబట్టి నాకు దాని మీద కొంచెం ఎక్కువ మమకారం, ఒప్పుకుంటా. జర్మనీలో మ్యూనిక్ దగ్గర ఉల్రికె ప్రోట్జర్ గారి టీమ్ థెర్‌వ్యాక్ బి అని ఇంకోటి చేస్తోంది, యూరోపియన్ యూనియన్ డబ్బు ఇస్తోంది, ముందు ప్రోటీన్ టీకా, తర్వాత వేరే వైరస్ మీద ఎక్కించి ఇచ్చే బూస్టర్.

మన వాళ్ళకి బాగా దగ్గరగా అనిపించేది వీటీపీ 300. ఎందుకంటే దాని మొదటి డోసు కోవిషీల్డ్ తయారైన పద్ధతిలోనే, అదే ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ చింపాంజీ అడినోవైరస్ మీదే తయారైంది. రెండో డోసు వేరే వైరస్ మీద. క్యాన్సర్‌కి వాడే నివోలుమాబ్ అనే మందు తక్కువ డోసులో జతచేసి కూడా చూశారు. కొంతమందికి ఎస్ యాంటిజెన్ బాగా తగ్గింది, కొద్దిమందికి పూర్తిగా పోయింది. మా తమ్ముడికి ఎవరో పంపిన మెసేజ్‌లో ఉన్న బొమ్మా దీనిదే. అయితే ఆ మెసేజ్‌లో లేని ముక్క ఏంటంటే, దాన్ని తయారుచేసిన బారింథస్ కంపెనీ 2025 మొదట్లో ఇక మేం ఆటోఇమ్యూన్ జబ్బుల మీద దృష్టి పెడతాం, దీన్ని ముందుకు తీసుకెళ్ళడానికి వేరే పార్ట్‌నర్ దొరికితే చూస్తాం అని చెప్పేసింది. ఇది చదివినప్పుడు నాకు కడుపు మండింది. కోట్లమంది జబ్బు ఇది, 2022లో ప్రపంచంలో 25 కోట్ల 40 లక్షల మందికి ఉందని లెక్క, అందులో రోగం ఉన్నట్టు తెలిసినవాళ్ళు నూటికి 13 మంది, మందు వాడుతున్నవాళ్ళు నూటికి ముగ్గురు. ఏడాదికి 11 లక్షల మంది పోతున్నారు. కానీ ఎక్కువమందిమి పేదదేశాల వాళ్ళం, మా వెనక పెట్టుబడి నిలబడటం కష్టం.

ఇక్కడ అమ్మ సంగతి చెప్పాలి, ఎందుకంటే ఆశ ఎలా మోసం చేస్తుందో నేను అక్కడే చూశా.

అమ్మది పొన్నూరు దగ్గర పల్లెటూరు. పాజిటివ్ అని తెలిశాక కూడా ఇంగ్లీషు మందు వద్దంది, "కామెర్లకి మన నేల ఉసిరి కన్నా మందేముందిరా" అనేది. పొద్దున్నే మిరప చేను గట్టు మీద వెతికి వేళ్ళతో సహా పీక్కొచ్చేది, సన్నటి ఆకులు, ఆకుల కింద వరసగా ఆవగింజల్లా పచ్చటి కాయలు. మట్టి కడిగి రోట్లో వేసి నూరేది, పిడికిట్లో పెట్టి పిండితే ఆకుపచ్చ రసం వేళ్ళ సందుల్లోంచి కారేది, దాన్ని పుల్లటి మజ్జిగలో కలుపుకుని పరగడుపున మొహం చిట్లించుకుని గటగటా తాగేసేది. నెలలు నెలలు తాగింది. అమ్మది మూఢనమ్మకం అని నేను అనను. ఊళ్ళో కామెర్లు వచ్చినవాళ్ళకి పసరు తాగితే తగ్గడం అమ్మ కళ్ళారా చూసింది, అయితే ఆ కామెర్లలో చాలా వరకు నీళ్ళ వల్ల వచ్చే హెపటైటిస్-ఎ, హెపటైటిస్-ఇ రకాలు, అవి పసరు తాగినా తాగకపోయినా కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి, పేరు మాత్రం పసరుకి వస్తుంది.

అంతకన్నా పెద్ద విషయం, ఆ నేల ఉసిరిని పెద్ద పెద్దవాళ్ళే నమ్మారు. హెపటైటిస్ బి వైరస్‌ని కనిపెట్టి 1976లో నోబెల్ అందుకున్న బ్లంబర్గ్, మద్రాసులో త్యాగరాజన్ గారు, ఇంకొంతమంది కలిసి 1988లో లాన్సెట్ పత్రికలో ఒక ట్రయల్ అచ్చువేశారు. నెల రోజులు నేల ఉసిరి పొడి ఇచ్చిన 37 మందిలో 22 మందికి ఎస్ యాంటిజెన్ పోయింది, ఉత్తుత్తి మందు ఇచ్చిన 23 మందిలో ఒక్కరికే పోయింది. నూటికి 59 మంది అన్నమాట. ఇప్పుడు వస్తున్న ఏ టీకా కూడా ఆ లెక్క దరిదాపుల్లోకి రాలేదు. ఆ రోజుల్లో అది చదివిన పేషెంట్లకి ఎంత ఆశ పుట్టుంటుందో ఊహించండి. తర్వాత థాయ్‌లాండ్‌లోను ఇతర చోట్లా మళ్ళీ చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. నేనేమీ వాళ్ళు అబద్ధం చెప్పారనడం లేదు. ఒక చిన్న ట్రయల్‌లో వచ్చిన అంకె పట్టుకుని బతుకులు మార్చుకోకూడదంటున్నా. నేను మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తా, ఒక టిక్కీలో, అంటే మిర్చి బస్తాలో, మంచి కాయ కనపడిందని లాటంతా అదే రేటు కట్టేవాడిని నేనెప్పుడూ చూడలేదు.

అమ్మ లివర్ క్యాన్సర్‌తో పోయింది. కనిపెట్టేసరికే గడ్డ పెద్దదయిపోయింది. మాత్రలు ముందే మొదలుపెట్టి ఉంటే బతికేదా అంటే ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు, కానీ ఆ అవకాశం ఒకటి ఉండేది. అందుకే నేనూ తమ్ముడూ ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్, లివర్ క్యాన్సర్ జాడ చూసే ఏఎఫ్‌పీ రక్తపరీక్ష చేయించుకుంటాం, ఇంట్లో ఎవరికైనా లివర్ క్యాన్సర్ వచ్చుంటే వైరల్ లోడ్ లేకపోయినా సరే ఇది మానకూడదు.

సరే, మళ్ళీ టీకా దగ్గరికి వద్దాం. సూర్యారావుపేటలో మేం చూపించుకునే డాక్టర్ గారికి విజయవాడ అంతా పేషెంట్లే, అయినా కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పారు. ఆయన చెప్పిన దాంట్లో నా బుర్రలో నాటుకుపోయింది ఒకటే. ఇప్పటిదాకా వచ్చిన కొత్త మందుల్లో దేన్ని చూసినా, మొదట్లోనే ఎస్ యాంటిజెన్ తక్కువ ఉన్నవాళ్ళకే బాగా పనిచేసింది. బెపిరోవిర్సెన్ అని జీఎస్‌కే వాళ్ళ మందు ఒకటి ఉంది, అది టీకా కాదు, వైరస్ ఆర్ఎన్ఏని పట్టుకుని నాశనం చేసే ఇంజెక్షన్, వారానికొకటి చొప్పున 24 వారాలు. 2022లో వచ్చిన ఫలితాల్లో నూటికి 9, 10 మందికి ఎస్ యాంటిజెన్ పోయి, మందు ఆపాక కూడా ఆరు నెలల పాటు రాకుండా నిలబడింది. పదిమందిలో ఒకరు అంటే మీకు తక్కువ అనిపించొచ్చు, మాత్రలతో ఏడాదికి నూటికి ఒకరు కూడా కష్టమైన చోట అది తక్కువేం కాదు. కానీ అందులో కూడా ఎస్ యాంటిజెన్ తక్కువ ఉన్నవాళ్ళే ఎక్కువగా గెలిచారు, అందుకే తర్వాతి పెద్ద ట్రయల్స్‌లో ఎస్ యాంటిజెన్ 3000 యూనిట్ల లోపు ఉన్నవాళ్ళనే తీసుకున్నారు.

మరి మన అంకె ఎంతో మనలో ఎంతమందికి తెలుసు? మామూలు రిపోర్టులో పాజిటివ్, నెగెటివ్ అనే వస్తుంది. ఎంత ఉందో తెలియాలంటే క్వాంటిటేటివ్ హెచ్‌బీఎస్ ఏజీ అని వేరే టెస్టు, శాంపిల్ బయటికి పంపాలి, కొంచెం ఖరీదు. మేమిద్దరం చేయించుకున్నాం. నాది 400 చిల్లర. తమ్ముడిది 8000 దాటింది.

ఆ రిపోర్టులు చూసి నాకు నోట మాట రాలేదు. ఎవరికి ఆ నెగెటివ్ కాగితం కావాలో వాడికే అది దూరంగా ఉంది. నేను గల్ఫ్ వెళ్ళేది లేదు, పెళ్ళయింది, పాప క్షేమంగా ఉంది, నాకేమో తక్కువ ఉంది. వాడు రిపోర్టు మడిచి జేబులో పెట్టుకుని "పోన్లే అక్కా, నీకైనా పనికొస్తుంది" అన్నాడు.

నా అసలు అనుమానం ఇదేనండీ. టీకా పనిచేస్తుందా లేదా అని కాదు, ఎవరికి పనిచేస్తుంది అని. పుట్టుకతో వచ్చి, ముప్పై నలభై ఏళ్ళుగా వైరస్ తొడుగుల్లో మునిగి ఉన్న మాలాంటి ఆసియా వాళ్ళ టీ సెల్స్‌ని లేపడం అన్నిటికన్నా కష్టం, లోకంలో ఎక్కువమందిమి మేమే. అందుకే ఇప్పుడు టీకా ఒక్కటే ఇవ్వకుండా, ముందు ఇంకో మందుతో ఎస్ యాంటిజెన్‌ని బాగా దించి, అప్పుడు టీకా ఇచ్చి చూస్తున్నారు. ఆర్బ్యూటస్ కంపెనీ ఇమ్‌డుసిరాన్ తర్వాత వీటీపీ 300 ఇచ్చింది అలాగే. కొంతమందికి పోయింది, కానీ ఆ ట్రయల్‌లో ఉన్నది కొద్దిమంది. తమ్ముడి లాంటివాళ్ళకి దారి ఏదైనా ఉంటే ఇదేనని డాక్టర్ గారు అన్నారు, దానికి ఎన్నేళ్ళు పడుతుందో మాత్రం చెప్పలేనన్నారు. చెప్పలేనన్న ఆ మాటకి నాకు ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది.

ఇంకో భయం ట్రయల్స్ గురించి. మా వదిన ట్రయల్ అనగానే "మనల్ని ఎలకల్లాగా వాడుకుంటారు" అంటుంది. ఆ భయం ఊరికే రాలేదు. 2009లో అప్పటి మన ఖమ్మం జిల్లాలో గిరిజన ఆడపిల్లలకి హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే) టీకా వేసినప్పుడు చాలాచోట్ల తల్లిదండ్రుల్ని అడక్కుండా హాస్టల్ వార్డెన్లతో సంతకాలు పెట్టించారు, 2010లో దాన్ని ఆపేశారు, 2013లో పార్లమెంటు కమిటీ గట్టిగా తప్పుపట్టింది. టీకా వేయించుకున్న పిల్లల్లో కొందరు చనిపోయారు, ఆ మరణాలకి టీకాయే కారణమని తేలలేదు, కానీ అడగకుండా వేయడం తప్పే, ఎంత మంచి టీకా అయినా సరే. ఇప్పుడు 2019 రూల్స్ ఉన్నాయి, మనకి అర్థమయ్యే భాషలో చెప్పి రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి, ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం వాళ్ళే ఇవ్వాలి, సీటీఆర్ఐ అనే ప్రభుత్వ వెబ్‌సైట్లో ట్రయల్ నమోదై ఉండాలి. సంతకం పెట్టేముందు తెలుగు కాగితం అడగండి, ఇంటికి తెచ్చుకుని చదువుకోండి.

ట్రయల్ మందుకి ఎవరైనా మీ దగ్గర డబ్బు అడిగితే అది ట్రయల్ కాదు. ఇది గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, మాకు తెలిసిన ఒకాయనకి ఒక చోట "విదేశీ ఇమ్యూనిటీ టీకా కోర్సు" అని చెప్పి పదుల వేలు తీసుకుని ఏవో ఇంజెక్షన్లు చేశారు, సీసా మీద పేరు కూడా చూపించలేదంట. ఇంకా ఘోరం, మాత్ర మానేయమన్నారంట. మానేశాడు. రెండు మూడు నెలలకి కళ్ళు పచ్చబడి లివర్ దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ వెయ్యి దాటి ఐసీయూలో పడ్డాడు. బతికి బయటపడ్డాడు, అదే పదివేలు. టెనోఫోవిర్ సొంతంగా మానేస్తే వైరస్ ఒక్కసారిగా లేచి లివర్ ఫెయిలయ్యే ప్రమాదం ఉంది. కొంతమందికి డాక్టర్లే చూసుకుంటూ ఆపుతారు, అది వేరు, వాళ్ళు వారాల లెక్కన రక్తం చూస్తూ ఉంటారు. కొత్త టీకా ట్రయల్స్‌లో కూడా ఎక్కువ వాటిలో మాత్ర నడుస్తూండగానే టీకా ఇస్తారు. మీకు వచ్చిన మెసేజ్‌లో మాత్ర ఆపేయండి అని ఉంటే దాన్ని ఎవరికీ పంపకండి, దయచేసి.

ధర సంగతి మిగిలింది. దీని గురించి నాకు భయం కన్నా నమ్మకమే ఎక్కువ, దానికో కారణం ఉంది. జబ్బు రాకుండా వేసే హెపటైటిస్ బి టీకా కూడా ఒకప్పుడు దిగుమతి సరుకే, మామూలు ఇళ్ళకి అందేది కాదు. నెల్లూరు జిల్లా వరప్రసాద్ రెడ్డి గారు హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ పెట్టి 1997లో షాన్‌వ్యాక్ బి తెచ్చాకే ధర నేలకి దిగింది, తర్వాత 2011 నాటికి దేశమంతా పసిపిల్లల టీకాల్లో అది చేరింది. మా పాప నెగెటివ్ అవడం వెనక ఆ కథ ఉంది. మందు టీకా ఏ దేశంలో పాసైనా సరే, దాన్ని తక్కువ ఖర్చులో తయారుచేయగలిగిన వాళ్ళు మన దగ్గరున్నారు. ఇప్పుడు ఉచితంగా మాత్రలిస్తున్న ప్రోగ్రాంలోనే రేపు ఆ టీకా కూడా ఇవ్వాలి, ఈలోపు క్వాంటిటేటివ్ టెస్టు అయినా పెద్దాసుపత్రుల్లో ఉచితంగా చేయాలి. తమ అంకె తెలియని పేషెంటుకి రేపు ఏ ట్రయల్ వచ్చినా తనకి వర్తిస్తుందో లేదో ఎలా తెలుస్తుంది?

తమ్ముడు మళ్ళీ ఫోన్ చేశాడు నిన్న. 8000 నుంచి 3000 కి రావాలంటే ఏం తినాలక్కా అని అడిగాడు. తిండితో తగ్గేది కాదురా, మాత్ర మానకుండా వేసుకుంటే ఏళ్ళ మీద మెల్లిగా తగ్గొచ్చు, మందు మానేయడం మాత్రం వద్దు, ఏడాదికోసారి చూపించుకుందాం అన్నా. సరే అన్నాడు. సంక్రాంతి వెళ్ళాక ఇద్దరికీ స్కాన్ ఉంది, ఎస్ యాంటిజెన్ కూడా అప్పుడే ఇస్తాం, వాడి అంకె ఎంతొచ్చిందో రాస్తా.